కారుకు ఏకాదశి ఉపవాసం

ఒకసారి నేను మా కారు చేత ఉపవాసం చేయించాను. బాన్సువాడలో ఈ సంగతి చెప్పుకుని ఇప్పటికీ నవ్వేవాళ్లున్నారు. వాళ్లు చెప్పేదాంట్లో సగం కల్పన. కారుకు తులసిమాల వేశానంటారు, వేయలేదు. కారు ముందు కూర్చుని పారాయణం చేశానంటారు, అదీ లేదు. జరిగింది మాత్రం తక్కువేమీ కాదు కాబట్టి, దాన్ని నేనే రాసిపెట్టడం మంచిదనిపించింది.

డెబ్బైల చివరి సంగతి. అప్పట్లో నాకు బస్టాండు దగ్గర బట్టల దుకాణం ఉండేది. ఇరవై రెండో ఏట మెడలో తులసిమాల వేసుకున్నాను. పండరి విఠలుడి పేర మాల వేసుకున్నవాళ్లు మా వైపు ఊరికి పదిమందైనా ఉంటారు. మాలకరులంటారు మమ్మల్ని. ఏకాదశి ఏకాదశికీ భజన, మాంసం ముట్టకపోవడం, ఏడాదికోసారి సప్తాహం. మా భజన మండలిలో పోతి, అంటే భక్తి గ్రంథం, చదివి అర్థం చెప్పే పని నాది. చదవగా చదవగా నాకొక అలవాటు పట్టుకుంది. ఏ వస్తువును చూసినా దానికి ఆధ్యాత్మికార్థం చెప్పబుద్ధయ్యేది. తక్కెడకు చెప్పాను, గజం బద్దకు చెప్పాను. కారు కొన్నాక కారుకు కూడా చెప్పడం మొదలుపెట్టాను.

కారంటే గొప్పగా ఊహించుకోవద్దు. ముక్కు ముందుకు పొడుచుకొచ్చిన పాత నల్ల కారు. బోధన్‌లో ఒక డాక్టరు పదేళ్లు వాడి, ఇక నా వల్ల కాదని వదిలించుకున్నది. మండలి వాళ్లం తాళాలు, మృదంగంతో సహా తొమ్మిది మందిమి అందులో పట్టేవాళ్లం. ఎక్కేటప్పుడు వరుస తప్పితే ఎనిమిది మందే పట్టేవాళ్లం. కాలువ వంతెన ఎక్కేటప్పుడు మాత్రం ఇంజన్ లోపల ఎవరో గింజలు చెరిగినట్టు టకటకమని చప్పుడయ్యేది.

ఆ చప్పుడు పోవాలంటే ఇంజన్ వాల్వుల మీది ట్యాపెట్లు సరిచేయాలని మా మెకానిక్ రెండు నెలలుగా చెబుతూనే ఉన్నాడు. ఆయన ముసల్మాను, ఐదు పూటలా నమాజు చేసేవాడు. నన్ను మహరాజ్ అని పిలిచేవాడు, నేను ఆయన్ని ఉస్తాద్ అనేవాణ్ని. ఆయన మాట నేను పట్టించుకోలేదు. ఎందుకంటే అదే రోజుల్లో హైదరాబాదుకు వడ్ల లోడు తీసుకుపోయే ఒక లారీ డ్రైవరు దుకాణానికి లుంగీ కొనడానికి వచ్చి, పెట్రోలులో రెండు రకాలున్నాయని చెప్పాడు. మనకు దొరికేది ఎనభై మూడు నంబరు. పట్నంలో తొంభై మూడు నంబరుది కూడా అమ్ముతారట, ధర ఎక్కువట, పెద్ద ఆఫీసర్ల కార్లన్నీ అదే తాగుతాయట.

ఆ రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు. తిన్న తిండిని బట్టి మనసు ఉంటుందని నేను మండలిలో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. సాత్వికం, రాజసం, తామసం అని ఆహారం మూడు విధాలు. మనిషికి ఉన్న నియమం ఇంజన్‌కు మాత్రం ఎందుకు ఉండదు? ఇన్నాళ్లూ ఆ కారుకు నేను తామసాహారం పెట్టి, అది మూలిగితే ట్యాపెట్లని నింద వేస్తున్నాను కదా అని బాధపడ్డాను. పొద్దున లేవగానే లారీ డ్రైవరుకు డబ్బా ఇచ్చి తొంభై మూడు తెమ్మన్నాను.

సరిగ్గా అప్పుడే బిచ్కుంద అవతల ఒక ఊళ్లో సప్తాహం వచ్చింది. సప్తాహమంటే ఏడు రోజుల అఖండ భజన. మంటపంలో ఒకరు వీణ పట్టుకుని నిలబడాలి. ఆ వీణ ఏడు రోజులూ నేల తాకకూడదు, గోడకు ఆనించకూడదు, పట్టుకున్నవాళ్లు కూర్చోకూడదు. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మారాలంతే. రెండేసి గంటలు ఒక్కొక్కరి వంతు, దాన్ని పారా అంటాం. వీణ నేల తాకిందంటే సప్తాహం భంగమైనట్టే. ఆ ఊళ్లో ముందొక ఏడు అలాగే జరిగి, ఆ తర్వాత వానలు పడలేదని చెప్పుకునేవాళ్లు. పైగా అక్కడ వీణ పట్టేది మాలకరులే, అందులోనూ మగవాళ్లే. ఆడవాళ్లు పట్టకూడదని ఎవరూ రాసిపెట్టలేదు గానీ పట్టడమన్నది ఎన్నడూ జరగలేదు.

ఏకాదశి నాడు పది నుంచి పన్నెండు దాకా మా బావ పారా, పన్నెండు నుంచి రెండు దాకా నాది. బావంటే మా అక్క పెనిమిటి. తునికాకు వ్యాపారం చేసేవాడు. మంచి భక్తుడు, మంచి గొంతు, కానీ షుగర్ మనిషి. ఆయన ఏ పెళ్లికి వెళ్లినా మొదట పందిరి చూసేవాడు కాదు, పక్కన చేను ఉందా లేదా చూసేవాడు. రెండు గంటలంటే ఆయనకు ఆఖరి హద్దు. ఇది బంధువులందరికీ తెలుసు.

అందుకే ఆయన అక్కతో, మండలి వాళ్లతో కలిసి ముందు రోజే బస్సెక్కుతూ నన్ను కూడా బస్సుకే రమ్మన్నాడు. నేను మండలి వాళ్లందరి ముందూ తొంభై మూడు మహిమ వివరించి, పన్నెండుకు కాదు, పావు తక్కువ పన్నెండుకే మంటపంలో ఉంటానని మాట ఇచ్చాను.

బావ నా భుజం మీద చెయ్యేసి, "బామ్మర్దీ, నీ పెట్రోలు సంగతి నాకు తెల్వదు. నా సంగతి నీకు తెలుసు. పన్నెండు దాటితే నేను మనిషిని కాను" అన్నాడు.

"ఫికర్ చెయ్యకు బావా. మజ్జిగ కడుపునిండ తాగి నిలబడు" అన్నాను.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఏకాదశి ఉపవాసంలో మజ్జిగే ఆధారం కదా, ఆయన నా మాట నమ్మి నాలుగు చెంబులు తాగాడట.

ఇక ఉపవాసం సంగతి. దశమి నాడు మధ్యాహ్నం తొంభై మూడు డబ్బా వచ్చింది. కానీ కారు ట్యాంకులో పాత పెట్రోలు ఇంకా కొంత ఉంది. దాని మీద దీన్ని పోస్తే నిన్నటి చద్దికూర మీద ప్రసాదం వడ్డించినట్టే కదా. పాతది పైపు తీసి పారబోస్తానన్నాడు మెకానిక్. అన్నం పారబోయడం పాపమని నాకు తెలుసు. ఎనభై మూడైనా అన్నమే. కలపరాదు, పారబోయరాదు. మిగిలింది ఒకటే దారి, దాన్ని తిని అరిగించుకోనివ్వడం.

కాబట్టి నేను కారు తీసి బస్టాండు నుంచి మార్కెట్ దాకా, మార్కెట్ నుంచి బస్టాండు దాకా తిరగడం మొదలుపెట్టాను. మూడో చుట్టులో బీడీల ఆకులు కత్తిరిస్తూ అరుగు మీద కూర్చున్న ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏడో చుట్టులో మిఠాయి దుకాణం ఆయన ఎవరన్నా తప్పిపోయారా అని అడిగాడు. పదో చుట్టులో ఎవరో తండా ముసలాయన చెయ్యెత్తి ఆపి ఎక్కాడు. మార్కెట్ దగ్గర దిగకుండా నాతోపాటు మళ్లీ బస్టాండుకు వచ్చి, కారు మంచిగుంది గానీ ఎటూ పోతలేదని చెప్పి దిగిపోయాడు. పద్నాలుగో చుట్టులో సరిగ్గా బస్టాండు గేటుకు అడ్డంగా ఇంజన్ రెండు సార్లు దగ్గి ఆగిపోయింది. లోపలి బస్సు బయటికి రాలేదు, బయటి బస్సు లోపలికి పోలేదు. కండక్టర్లు, ప్రయాణికులు కలిసి తోసి మా ఇంటి ముందు వదిలిపెట్టారు. వాళ్లు అన్న మాటలు ఇక్కడ రాయను. నాకు మాత్రం లోపల ఎంతో తృప్తి. ట్యాంకు చుక్క లేకుండా ఖాళీ అయింది. ఆ రాత్రి నాతోపాటు కారు కూడా ఖాళీ కడుపుతో ఉంది.

ఏకాదశి పొద్దున స్నానం, పూజ అయ్యాక డబ్బా మూత మీద ఒక తులసి దళం పెట్టి, దండం పెట్టి, దళం తీసి పక్కన ఉంచి, పెట్రోలు పోశాను. దళం లోపల వేయలేదు. ఆ మాత్రం జ్ఞానం నాకుంది. బిచ్కుందలో ఎవరిదో ట్రాక్టరు బాగుచేసే పనుందని మెకానిక్ తన సామాను సంచితో వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. పదిన్నర దాటాక బయలుదేరాం.

మొదటి రెండు మైళ్లూ నేను ఉన్నది భూమ్మీద కాదు. చప్పుడు మారిందన్నాను. మారలేదన్నాడు ఆయన. కాలువ వంతెన ఎక్కాం, టకటకమంది. అది మామూలు టకటక కాదని, తాళం వేసినట్టు లయగా ఉందని చెప్పాను. ఆయన కిటికీ వైపు తిరిగి వరిచేలు చూడసాగాడు.

వంతెన దిగి కొంచెం దూరం పోగానే ఇంజన్ దగ్గింది. మళ్లీ దగ్గింది. చెరుకు తోట పక్కన ఆగిపోయింది.

మెకానిక్ కారు ముక్కు మూత ఎత్తి చూస్తున్నాడు. నేను విఠల నామం చెప్పుకుంటూ నిలబడ్డాను. పది నిమిషాలకు వెనక నుంచి బస్సు వచ్చింది. బావ నన్ను ఎక్కమన్న బస్సే. పావు తక్కువ పన్నెండుకు నన్ను ఆ ఊళ్లో దింపే బస్సు. డ్రైవరు నన్ను గుర్తుపట్టి తనంతట తానే ఆపాడు. బండి నేను తెస్తా, నువ్వు ఎక్కు అని మెకానిక్ కూడా అన్నాడు.

ఎక్కొచ్చు. సీటు కూడా ఉంది. నేను ఎక్కలేదు. చేత్తో పొమ్మని సైగ చేశాను. ఇది పరీక్ష అనుకున్నాను. పాండురంగడు నా విశ్వాసాన్ని చూస్తున్నాడు, ఇప్పుడు బస్సెక్కితే తొంభై మూడు మీద నాకు నమ్మకం లేదని ఒప్పుకున్నట్టే అనుకున్నాను. ఆ క్షణంలో మంటపంలో వీణ పట్టుకుని నిలబడ్డ బావ, ఆయన కడుపులోని మజ్జిగ నాకు గుర్తుకు రాలేదని చెప్పలేను. వచ్చాయి. అయినా ఎక్కలేదు. ఈ కథలో నేను చేసిన వెధవ పనులన్నిట్లో దేవుడి ముందు చెప్పుకోవాల్సింది ఇదొక్కటే. మిగతావన్నీ తెలివితక్కువతనం, ఇది గర్వం.

మెకానిక్ పెట్రోలు పైపు విప్పి ఊదాడు. ఊదితే పోలేదు. నోటితో పీల్చాడు. ఒక్కసారిగా నోరంతా పెట్రోలు నిండి ఉమ్మేసి, కారులో పెట్టుకున్న కుండలోని నీళ్లతో పుక్కిలించి, కాసేపు ఆలోచించి చెప్పాడు.

"ఎనభై మూడు లెక్కనే ఉంది మహరాజ్. రుచిల ఫరక్ ఏం లేదు."

తర్వాత కార్బరేటర్ విప్పాడు. అందులోంచి నల్లటి బురద, తుప్పు పొడి తీసి రుమాలు మీద పెట్టాడు. నన్ను అనుమానంగా చూసి, తులసాకు లోపల వేశావా అని అడిగాడు. లేదని మాల పట్టుకుని ఒట్టేశాను. అప్పుడు ఆయన నిన్న నేనేం చేశానో అడిగి తెలుసుకున్నాడు. పద్నాలుగు చుట్ల సంగతి చెప్పాను. ఆయన రోడ్డు పక్కన చెరుకు మొదట్లో కూర్చుని చాలాసేపు నవ్వాడు. నవ్వు ఆగాక వివరంగా చెప్పాడు. పాత ట్యాంకు అడుగున పదేళ్ల తుప్పు, మడ్డి పేరుకుని ఉంటుందట. పైన కాస్త పెట్రోలు ఉన్నంతవరకు అది అడుగునే పడుంటుందట. చివరి చుక్క దాకా తాగిస్తే ఆ మడ్డంతా పైపులోకి లాక్కుంటుందట.

"నీ పెట్రోలుకు ఏం పాపం లేదు. నీ ఉపాసంతోని ఆగింది బండి" అన్నాడు.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. అయినా వాదించాను. అంత ధర పెట్టి కొన్న తొంభై మూడుకు మరి బలమెక్కడ ఉందన్నాను.

ఆయన కార్బరేటర్ జెట్టు రంధ్రంలో సన్నటి తీగ తిప్పుతూ తల ఎత్తకుండా చెప్పాడు. "బలం ఏంది మహరాజ్, దాంట్ల బలం లేదు. ఓపిక ఉంది. ఇంజన్ల పెట్రోలును పిస్టన్ ఒత్తుతది సూడు, గట్టిగ ఒత్తితే నిప్పు అంటకముందే కోపమొచ్చి మండుతది. తొంభై మూడుకు జర ఓపిక ఎక్కువ. ఎంత ఒత్తినా నిప్పు వచ్చేదాక ఆగుతది. గంతే. జోరుగ ఒత్తే కొత్త ఇంజన్లకు గది కావాలె. నీది ముసలిది, మెల్లగ ఒత్తుతది. దానికి ఎనభై మూడే ఎక్కువ."

"మరి టకటక?"

"ట్యాపెట్లు" అన్నాడు. రెండు నెలల్లో బహుశా ఇరవయ్యోసారి.

నేను రాతి మీద కూర్చుండిపోయాను. బలమని నేను కొన్నది ఓర్పా? ఇన్నేళ్లు పోతి చదివి, బుర్రలోని మాటలన్నీ మనుషుల మీద, తక్కెడల మీద, కార్ల మీద చల్లాను గానీ ఇంత మంచి మాట నేనెప్పుడూ చెప్పలేదు. ఆ సంతోషంలో టైము చూసుకోవడం మరిచిపోయాను. చూసుకునేసరికి పన్నెండున్నర.

కారు మళ్లీ కదిలేసరికి ఒంటిగంట. నా మనసులో ఒకటే బొమ్మ తిరుగుతోంది. మంటపం మధ్యలో బావ, చేతిలో వీణ, పక్కన ఎవరూ లేరు. లేరని నాకు ఖాయంగా తెలుసు. ఏకాదశి మధ్యాహ్నం ఆ ఊరి మాలకరులంతా, వచ్చిన మండలి వాళ్లతో సహా, పల్లకి ఎత్తుకుని పక్క ఊరికి దిండి, అంటే భజన ఊరేగింపు, పోతారు, ఒంటిగంటన్నరకు గానీ తిరిగి రారు. మంటపంలో మిగిలేది వీణ పట్టినవాడు, వంట దగ్గర ఆడవాళ్లు. బావ వీణ దించితే సప్తాహం పోతుంది. దించకపోతే మంటపంలోనే ఆయన పరువు పోతుంది, మంటపం పవిత్రత కూడా పోతుంది. ఏది పోయినా కారణం నేనే. మా అక్కకు మొహం ఎట్లా చూపించాలి?

ఊళ్లో కారు దిగి చెప్పులు విడిచి పరుగెత్తాను. భజన వినిపిస్తోంది, కానీ అది బావ గొంతు కాదు.

మంటపంలో మా అక్క నిలబడి ఉంది. కొంగు నడుముకు దోపుకుని, వీణ భుజానికి ఆనించుకుని, కళ్లు సగం మూసి అభంగం పాడుతోంది. ఆమె మెడలోనూ తులసిమాల ఉంది. బావ కన్నా రెండేళ్ల ముందు వేసుకున్న మాల. ఆమె చుట్టూ వంట పని వదిలేసి వచ్చిన ఆడవాళ్లు, చేతులకు ఇంకా సాబుదానా అంటుకునే ఉంది, తాళాలు కొడుతున్నారు.

తర్వాత వాళ్లు చెప్పగా తెలిసింది. పన్నెండు అయ్యాక బావ పాటలో అడుగులు వేయడం మొదలుపెట్టాడట. పన్నెండూ పదికి ఆ అడుగులు గంతులయ్యాయట. భక్తి ముదిరిందనుకుని ఆడవాళ్లు దండాలు పెట్టారట. అక్క ఒక్కతే సంగతి కనిపెట్టి, చేతులు కడుక్కొని వచ్చి ఆయన ముందు నిలబడి, "ఇగ ఇయ్యి" అందట. ఆయన దిక్కులు చూసి, ఊరోళ్లు ఏమంటరోనని నసిగాడట. "ఏమంటరో నేను వింట. నువ్వు పో" అందట. ఆయన వీణ ఆమె చేతిలో పెట్టి, ఆనవాయితీ ప్రకారం వంగి ఆమె కాళ్లకు మొక్కి, ఆ వంగిన వంగుడు లేవకుండానే మంటపం వెనక చెరుకు తోట వైపు పరుగెత్తాడట.

నేను చెమటలు కక్కుతూ ఆమె ముందుకు పోయి చేతులు చాచాను. వీణ అందుకోవాలంటే ముందు పట్టుకున్నవాళ్ల కాళ్లకు మొక్కాలి. మొక్కాను. లేచి చూస్తే ఆమె వీణ ఇవ్వలేదు. పాట మధ్యలో ఊపిరి తీసుకునే సందులో, "రెండు కొట్టేదాక నాదే పారా. తాళాలు అందుకో" అంది.

తాళాలు అందుకుని వెనక వరుసలో నిలబడ్డాను. ఇంతలో బావ, అప్పటికి మూడోసారట, తోటలోంచి ధోవతి సర్దుకుంటూ ఎంతో ప్రశాంతమైన ముఖంతో వచ్చి నా పక్కన నిలబడ్డాడు. తిడతాడనుకున్నాను.

"తొంభై మూడు నిమిషాలు లేటు" అన్నాడు చెవిలో. "నంబరు కరెక్టే పోసినవ్ బామ్మర్దీ."

అప్పుడే పల్లకి తిరిగి వచ్చింది. ముందు నడుస్తున్న పెద్దాయన, ఆ ఊరి సప్తాహాన్ని ముప్పై ఏళ్లుగా నడిపిస్తున్న ముసలి మాలకరి, మంటపం మెట్టు దగ్గర ఆగిపోయాడు. ఆయన వెనక అందరూ ఆగారు. మృదంగం ఆగింది. ఆడవాళ్ల తాళాలు ఒక్కొక్కటే ఆగాయి. అక్క ఆపలేదు. నా చేతిలో తాళాలు ఆడాయో లేదో నాకు గుర్తులేదు.

పెద్దాయన ఆడవాళ్లను ఒక్కటే అడిగాడు. "వీణ కింద ఆనిందా?"

ఆనలేదన్నారు.

ఆయన చేతికర్ర పక్కన పెట్టి, మెట్టెక్కి, వీణ పట్టినవాళ్లకు ఎవరైనా మొక్కినట్టే మా అక్క కాళ్లకు మొక్కి, పక్కకు జరిగి పాట అందుకున్నాడు. వెనక ఉన్నవాళ్లంతా ఒక్కొక్కరే వచ్చి మొక్కారు. అక్క కళ్లు తెరవలేదు. రెండయ్యాక వీణ నాకివ్వలేదు, నా తర్వాత పారా ఎవరిదో ఆయనకే ఇచ్చింది.

మరుసటేడు ఆ ఊరి నుంచి మా మండలికి పారాల చీటీ వచ్చింది. ఏకాదశి మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా అక్క పేరు. బావకు రెండు గంటల పారా తీసేసి గంటది ఇచ్చారు. నా పేరు చీటీ చివర, ముగింపు రోజు తెల్లవారుజామున, అందరూ నిద్రపోయే వేళకు పడింది. దాని పక్కన పెద్దాయన చేతిరాతతో ఒక ముక్క ఉంది, ముందు రోజు బస్సులో రావలసిందని.

వెళ్లాను. బస్సులోనే.